తేనెమైనం

ఆ ఏడాది మా ఇంట్లో నా నాలుకకే ఎక్కువ పని. అంతకు ముందూ దానికి ఖాళీ లేదనుకోండి, కాకపోతే అది వేరే రకం పని. నేను కుట్టుపని చేసే బట్టల కంపెనీ మూతపడితే, నాలుగు రోజులుండి పోదామని అన్నయ్య ఇంటికొచ్చాను. నాలుగేళ్ళయింది. కోపం ముక్కు మీదే ఉండే మనిషిని. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఇది ముప్పాతిక మొగుడని అన్నయ్య ఏడిపించేవాడు. వదిన మాత్రం నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అన్న పాపాన పోలేదు. పొట్టిగా ఉంటానని "పొట్టీ" అని పిలిచేది. ఆ పిలుపు అందరి నోటా వెటకారమే, ఆమె నోట మాత్రం కాదు.

పెళ్ళికి ముందు వదిన ఒక బేకరీలో ఎనిమిదేళ్ళు పనిచేసింది. ఆ కొట్టు యజమానురాలు ముసలిదై, కొట్టు మూసేస్తూ వదినకి పన్నెండు రాగి అచ్చులు ఇచ్చి పంపింది. ఫ్రెంచివాళ్ళ కేకు ఒకటుంది, కనెలే అంటారు. దాని అచ్చులవి. ఒక్కోటి గుప్పిట్లో ఇమిడిపోతుంది, చుట్టూ లోతైన గాడులుంటాయి. కాల్చి బోర్లిస్తే కేకు పైపెంకు ముదురు గోధుమరంగులో మెరుస్తూ ఉంటుంది, కొరికితే పటుక్కుమంటుంది. లోపల మాత్రం పాలూ గుడ్లూ కలిసి పేరుకున్న మెత్తటి గుజ్జు. ఆ పెంకు ఊరికే రాదు. పిండి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఊరాలి. అచ్చుల లోపల తేనెమైనం, వెన్న సమంగా కరిగించి పల్చగా పూయాలి. మైనం ఏంటి, తినేదాంట్లో ఏంటి అని మొదట నేనూ మూతి ముడిచాను. తిన్నాక ముడుచుకున్న మూతి దానంతటదే విచ్చుకుంది.

చలికాలంలో వదినకొక జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆమె వాసనా రుచీ రెండూ పట్టుకుపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పాలు అడుగంటి ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే, నేను వంటింట్లోకి పరిగెత్తాను. వదిన ఆ గిన్నె పక్కనే నిలబడి గుడ్ల సొన వేరు చేస్తోంది. నన్ను చూసింది, గిన్నె చూసింది, పొయ్యి ఆర్పేసింది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచి. ఆర్నెల్లకి రావొచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు. మీ అన్నయ్యకి చెప్పకు. చెబితే ఇక పొయ్యి దగ్గరికి రానివ్వడు."

"మరి వంటెలా చేస్తున్నావ్?"

"చేతికి తెలుసు పొట్టీ. కానీ చేతికి అన్నీ తెలియవు కదా."

అలా నేను ఆమెకి ముక్కూ నాలుకా అయ్యాను. పాలు కాగాక వాసన చూసి వెనీలా చాలో లేదో చెప్పడం నా పని. ఊరిన పిండి వేలితో నాకి పులిసిందా లేదా చెప్పడం నా పని. పన్నెండింట్లో మొదట బయటికొచ్చినదాన్ని నిలువునా కోసి సగం నా చేతిలో పెట్టి, నేను నమిలేదాకా నా మొహంలోకి చూస్తూ నిలబడేది. నేను కావాలని కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ ఊపి, బాగా ఏడిపించి, అప్పుడు "బాగుంది" అనేదాన్ని. దాంతో ఆమె భుజాలు కిందికి దిగేవి. బాగోలేకపోతే బాగోలేదనే చెప్పేదాన్ని. ఒకసారి ఉప్పు ఎక్కువైందంటే పిండి మొత్తం పారబోసింది. నా జీవితంలో నా మాటకి అంత విలువ అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. కంపెనీలో సూపర్‌వైజరు ఇవ్వలేదు, అన్నయ్య ఇవ్వలేదు. అందుకే ఆ రోజుల్లో తిట్లు కూడా తగ్గించాను. నాలుక పాడవుతుందని కారం మానేశాను.

వానలు మొదలయ్యాక ఆ పెంకుతో పెద్ద యుద్ధమే అయింది. గాలిలో తడికి గంటలో మెత్తబడిపోయేది. వదిన ఓవెన్ వేడి పెంచి, తగ్గించి, అచ్చుల్లో పిండి అరవేలు తక్కువ పోసి, పోరాడి పోరాడి దారికి తెచ్చింది. కింది వాటాలో ఉండే టీచరమ్మ రిటైరైంది కాబట్టి ఆమెకి తినడానికి తీరిక ఉండేది. ఆమె తమ్ముడు వచ్చిన రోజు ఒక పళ్ళెం పంపాం. ఆ తమ్ముడు పెద్ద హోటల్లో వంటలన్నిటికీ పెద్ద. తిన్న చేత్తోనే మెట్లెక్కి మా ఇంటికొచ్చాడు.

తెల్లగా ఉతికిన చొక్కా, చేతుల నిండా కాలిన మచ్చలు. వంటిల్లంతా చూశాడు. అచ్చు ఒకటి వెలుతురులో పెట్టి లోపలికి చూశాడు.

"వీటిని సబ్బుతో కడగరు కదా?"

"లేదండీ. వేడిగా ఉన్నప్పుడే గుడ్డతో తుడిచేస్తాను."

ఆయన మొహం వెలిగింది. "మా దగ్గర ఇది చేసేవాళ్ళు లేరమ్మా. ముగ్గుర్ని పెట్టి చూశాను, ముగ్గురూ నెత్తి తెల్లగా, అడుగు మాడ్చి తెచ్చారు. వచ్చే శుక్రవారం ఒక డజను చేసుకుని హోటలుకి రండి. మా యజమానురాలు కూడా రుచి చూడాలి. ఆవిడ ఒప్పుకుంటే తీపి వంటల విభాగం మీదే. మీ కింద నలుగురుంటారు."

వదిన గోడకి ఆనుకుంది. ఆ నాలుగు మాటల కోసం ఆమె ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తోందో నాకు తెలుసు. బేకరీ మూతపడ్డ దగ్గర్నుంచి తను ఎవరో తనకే తెలియట్లేదని ఒకసారి నాతో అంది. నాకు కూడా సంతోషమే వేసింది. అది నిజం.

ఆయన వెళ్తూ నా వైపు చూశాడు. నేను అప్పుడు సింకు దగ్గర నిలబడి ఉన్నాను.

"ఈవిడ?"

"మా ఆడపడుచు," అంది వదిన. "గిన్నెలు కడుగుతుంది."

అంతే అంది. ఆయన తలూపి మెట్లు దిగిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యంతా సబ్బు నురగే.

"ఏమనుకోకు పొట్టీ. నువ్వు రుచి చూస్తావంటే ఎందుకు అంటాడు. నాకు ముక్కు పనిచెయ్యదని తెలిస్తే గుమ్మంలోకి కూడా రానివ్వరు."

"నేనేమనుకుంటాను?"

"అక్కడికెళ్ళాక నలుగురుంటారు. ఎవరో ఒకరి చేత రుచి చూపిస్తాను. ఈలోగా అదే వచ్చేస్తుందేమో."

"రాకేం," అన్నాను.

ఆమె చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. నేనే ఆమె స్థానంలో ఉంటే అదే చెప్పేదాన్ని, ఇంకొంచెం ఎక్కువే చెప్పేదాన్ని. కానీ గిన్నెలు కడుగుతుంది అన్నప్పటికంటే ఎవరో ఒకరు అన్నప్పుడు నాకు ఎక్కువ మండింది. ఆరు నెలలు కారం మానేసిన నాలుక, ఎవరో ఒకరైపోయింది. ఆ వారమంతా గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను.

శుక్రవారం కోసం వదిన రోజూ ఒక వాయి చేసి చూసుకునేసరికి, ఉన్న మైనం కాస్తా మంగళవారానికే అయిపోయింది. మా ఊళ్ళో మైనం ఒక్క చోటే దొరుకుతుంది. చెప్పులు కుట్టేవాళ్ళకీ వడ్రంగులకీ మైనం, లక్క, జిగురు అమ్మే ముసలాయన కొట్టు. అది అన్నయ్య పనిచేసే లారీల షెడ్డుకి వెళ్ళే దారిలోనే. బుధవారం అన్నయ్య తడిసి ముద్దై వచ్చి, కాగితంలో చుట్టిన ముద్ద వదిన చేతిలో పెట్టాడు.

"మంచిది అయిపోయిందట. ఇదీ అలాంటిదేనని ఇచ్చాడు. పసుపుగానే ఉంది కదా."

అన్నయ్య పొద్దున్నించీ డీజిల్ పీల్చే మనిషి. అతని ముక్కుకి ఇల్లైనా షెడ్డైనా ఒకటే. వదిన ముద్దని గోటితో గీసి చూసింది. వేళ్ళ మధ్య రుద్దింది. పిండి అప్పటికే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసింది, అది శుక్రవారం పొద్దునకి సరిగ్గా ఊరుతుంది.

"కొంచెం జారుడుగా ఉందేంటి? చూడు పొట్టీ."

ముద్ద నా ముక్కు దగ్గర పెట్టింది. తేనెమైనానికి ఒక వాసనుంటుంది, ఎండలో ఆరిన పువ్వుల్లాగా. ఇందులో అది లేదు. కరెంటు పోయినప్పుడు వెలిగించే కొవ్వొత్తి ఉంది, దాని వెనకాల కిరసనాయిలు ఉంది. ఎవరికైనా తెలిసిపోయే వాసన.

వదిన నా మొహంలోకే చూస్తోంది.

"బాగుంది," అన్నాను.

ఆమె భుజాలు కిందికి దిగాయి. ముద్దని డబ్బాలో పెట్టి మూత బిగించింది.

తర్వాత రెండు రోజులున్నాయి. రెండు రోజులంటే తక్కువేం కాదు. వదినా, ఇంకోసారి చూడనీ అంటే సరిపోయేది. ఊరికి అవతల తేనెటీగలు పెంచేవాడి దగ్గరికి బస్సెక్కి వెళ్తే అసలు మైనమే దొరికేది, ఒక్క పూట పని. గురువారం పొద్దున ఆ మాట అనడానికే లోపలికి వెళ్ళాను కూడా. వదిన అద్దం ముందు నిలబడి, బేకరీలో కట్టుకునే పాత తెల్ల ఏప్రన్ కట్టుకుని చూసుకుంటోంది. "ఇంకా పడుతోందే," అని నవ్వింది. నేనూ నవ్వి బయటికొచ్చేశాను. ఎందుకు చెప్పలేదంటే ఇవాళ్టికీ నా దగ్గర ఒక్కటే జవాబుంది. ఆమె గెలిస్తే నేను మళ్ళీ ఏమీ కాను.

శుక్రవారం తెల్లవారి అచ్చులకి మైనం పూసి, పిండి పోసి, ఓవెన్‌లో పెట్టింది. గంట తర్వాత వచ్చినవి, అంత అందమైనవి అంతకు ముందెప్పుడూ రాలేదు. చల్లారుతుంటే సన్నగా చిటపటలాడాయి. వదిన చెవి దగ్గర పెట్టుకుని విన్నది. అది ఆమెకి మిగిలిన పరీక్ష, అందులో అవి నెగ్గాయి. ఎప్పటిలాగే ఒకటి కోసి సగం నా చేతిలో పెట్టింది.

నోట్లో పెట్టుకోగానే మైనం అంగిట్లో అంటుకుంది. మింగితే గొంతులో కిరసనాయిలు. ఆమె చూస్తోంది. నేను కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ ఊపి, మొత్తం తిన్నాను. మిగిలిస్తే అనుమానం వస్తుందని రెండో సగం కూడా అడిగి తిన్నాను.

"బాగుందా?"

"రోజూకంటే బాగుంది."

వదిన నన్ను దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టింది.

హోటల్ వంటిల్లు మా ఇల్లు నాలుగు పట్టేంత ఉంది. స్టీలు బల్లలు, పొగ లాగే గొట్టాలు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్న తెల్ల టోపీలు. వదిన పట్టుకున్న అట్టపెట్టెలో పదకొండు ఉన్నాయి. నేను గొడుగు పట్టుకుని పక్కన. యజమానురాలు లావుపాటి ఆవిడ, మెడలో కళ్ళజోడు వేలాడుతోంది. పెద్ద వంటాయన ఒకటి తీసి చెవి దగ్గర నొక్కాడు. పటుక్కుమంది. "విన్నారా?" అన్నాడు ఆవిడతో, తనే చేసినంత గర్వంగా. ఇద్దరూ కొరికారు.

ఆయన దవడ మధ్యలో ఆగిపోయింది. ఆవిడైతే మొహమాటపడలేదు, చేతిరుమాల్లోకి ఉమ్మేసింది.

"కొవ్వొత్తి తిన్నట్టుంది," అంది.

పెద్ద వంటాయన ఇంకొకటి విరిచి వాసన చూశాడు. ఇంకొకటి. తర్వాత వదిన వైపు చూశాడు.

"అమ్మా, ఇవి మీరు వాసన చూశారా?"

వదిన తల నా వైపు తిప్పింది. ఎంతోసేపు కాదు, ఒక్క రెప్పపాటు. నేను గొడుగు వంక చూసుకున్నాను, తేలు కుట్టిన దొంగలా. అప్పుడైనా నోరు తెరిచి నాదే తప్పండీ అని ఉండొచ్చు. నాలుగేళ్ళు ఊళ్ళో అందర్నీ కడిగేసిన నోరు, ఆ పూట పెగల్లేదు.

"చూశానండీ," అంది వదిన.

ఆయన వెనక్కి వెళ్ళి రెండు చిన్న గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఒకటి వెనీలా, ఒకటి నారింజ. ఏది ఏదో చెప్పండమ్మా. రంగు తెలియకూడదని పల్చగా కలిపాను."

చుట్టూ కత్తుల చప్పుడు ఆగింది. వదిన ఒక గ్లాసు ఎత్తి చాలాసేపు వాసన చూసింది. రెండోది చూసింది. మళ్ళీ మొదటిది చూసింది.

"ఇది వెనీలా," అంది మొదటిది చూపించి. గొంతు సరిగ్గానే పలికింది.

ఆయన తల దించుకున్నాడు. "రెండూ మంచినీళ్ళేనమ్మా."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆయన పెట్టె మూత తనే మూసి, తాడు తనే కట్టి, వదిన చేతికిచ్చాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అని మాత్రం అడిగాడు. చలికాలం నుంచి, అంది. "చెప్పి ఉండాల్సింది. రుచి చూసే మనిషిని పెట్టేవాణ్ణి," అన్నాడు. ఆయన నిజంగా పెట్టేవాడో, ఆ పూటకి అలా అన్నాడో నాకు తెలీదు.

బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి జల్లు కొడుతున్నా అద్దం వెయ్యలేదు. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. పొరపాటైందందామా, ముక్కు దిబ్బడేసిందందామా అని. ఏ మాటా ఖర్చు కాలేదు.

ఇంటికొచ్చి, అన్నయ్య వచ్చేదాకా ఆగి, డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది.

"ఒకసారి వాసన చూడండి."

అన్నయ్య వంగి చూసి మొహం అటు తిప్పేసుకున్నాడు. "ఇదేంటి, కిరసనాయిలు కంపు కొడుతోంది! నేను తెచ్చినప్పుడు చూళ్ళేదే. ఇది నువ్వెలా వాడావు?"

"నాకు వాసన తెలీదండీ. చలికాలం జ్వరం నుంచి."

అన్నయ్య డబ్బా వంకా ఆమె వంకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను.

"మరి నువ్వు చూళ్ళేదా దీన్ని? నాకే తెలుస్తోందంటే..."

"దానికి జలుబండీ," అంది వదిన. "వారం నుంచి ముక్కు దిబ్బడేసుకుని ఉంది పాపం."

నాకు జలుబు లేదు. వారం నుంచి ఒక్క తుమ్ము తుమ్మలేదు. అది అన్నయ్యకి తెలుసు, నాకు తెలుసు, అన్న మనిషికి తెలుసు. అన్నయ్య నా మొహంలోకి చూశాడు, తర్వాత నేల వంక చూశాడు, తర్వాత తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నన్ను ముప్పాతిక మొగుడని ఏడిపించడం మానేశాడు. అసలు ఏడిపించడమే మానేశాడు.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. జుట్టు పట్టుకుని ఉంటే నేనూ పట్టుకునేదాన్ని, ఏడ్చేదాన్ని, కాళ్ళ మీద పడేదాన్ని. దేనికీ సందివ్వలేదు వదిన. వేళకి భోజనం పెట్టింది. ఇంట్లో కుట్టుపనంతా నాదే అయినా, నా జాకెట్టు చేయి ఊడితే ఈసారి తనే కుట్టింది. ఒకరోజు ధైర్యం చేసి, "వదినా, ఆ మైనం..." అని మొదలుపెట్టాను.

"అయిపోయిందిగా పొట్టీ," అంది. మెత్తగానే అంది. కూర దించి పక్కన పెట్టింది. ఉప్పు సరిపోయిందో లేదో నన్ను చూడమనలేదు. భోజనాల దగ్గర ఒక్కోరోజు ఉప్పు లేకుండా, ఒక్కోరోజు రెండుసార్లు పడి వచ్చేది. ముగ్గురం తలొంచుకుని తినేవాళ్ళం.

వానలు వెనకపట్టాయి. ఒక పొద్దున గ్యాస్ సిలిండరు మార్చడానికి మనిషి వచ్చి, బిగించి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. అన్నయ్య షెడ్డుకి వెళ్ళిపోయాడు. నేను వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. వదిన పొయ్యి ముందు నిలబడి అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. వెలిగించలేదు. గొట్టం వంక చూసింది, సిలిండరు వంక చూసింది. ఎక్కడైనా లీకవుతుంటే ఆమెకి తెలిసే దారి లేదు.

నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచాను. "నేను చూస్తాను వదినా."

"నువ్వు కూర్చో పొట్టీ."

చీర కుచ్చిళ్ళు పట్టుకుని, నన్ను తాకకుండా పక్కనించి దాటి, మెట్లు దిగింది. కింద తలుపు కొట్టడం వినిపించింది. కాసేపటికి టీచరమ్మ మోకాళ్ళు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆయాసపడుతూ పైకొచ్చింది. రొప్పు తగ్గేదాకా గుమ్మం పట్టుకుని నిలబడి, తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళి, వంగి, సిలిండరు చుట్టూ వాసన చూసింది.

"ఏమీ లేదమ్మా, బాగానే ఉంది," అంది. తర్వాత నన్ను చూసి, "ఈ పిల్ల ఇక్కడే ఉందిగా! దీన్నడక్క, ఈ మోకాళ్ళతో నన్నెందుకు పైకి లాక్కొచ్చావు?" అని నవ్వింది.

"మీరు చెబితే నాకు ధైర్యంగా ఉంటుంది," అంది వదిన, అగ్గిపుల్ల గీసింది.